చిన్న తెరేజమ్మ: దిద్దని ముఖం



కతోలిక క్రైస్తవుల గుడి ఉన్న ఊళ్ళలో, మరియమాత స్వరూపానికి కాస్త ఎడంగా, ఒక యువతి స్వరూపం తరచుగా కనిపిస్తుంది. గోధుమరంగు అంగీ, దానిమీద మీగడరంగు పైవస్త్రం, తలమీద నల్లటి ముసుగు. సిలువను గుండెకు హత్తుకుని ఉంటుంది. ఆ సిలువను కప్పేస్తూ గులాబీలు. బుగ్గలకు లేత ఎరుపు పూస్తారు, పెదవులమీద చిరునవ్వు దిద్దుతారు. మనవాళ్ళు ఆమెను చిన్న తెరేజమ్మ అంటారు. హైదరాబాదులోనూ, ఇంకా ఎన్నో ఊళ్ళలోనూ "లిటిల్ ఫ్లవర్" అనే పేరుతో బడులున్నాయి కదా, ఆ చిన్న పువ్వు ఈవిడే. మా ఇంట్లో ఎవరికి ఏ కష్టం వచ్చినా మా అమ్మ మొక్కుకున్నది ఈవిడకే. తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు చెబితే గులాబీ రూపంలో జవాబు పంపుతుందని మా విచారణలో పెద్దవాళ్ళు ఇప్పటికీ నమ్ముతారు.

ఆ నమ్మకం జోలికి నేను పోను. నా బాధంతా ఆ గులాబీల వెనుక మనిషి కనపడకుండా పోయిందని. తెరేజమ్మ పేరెత్తగానే కొందరు "పాపం, అమాయకురాలు, పూలు చల్లే పిల్ల" అంటారు. కొన్ని ప్రసంగాల్లో ఆమెను ఆడపిల్లలకు బెత్తంలా చూపిస్తారు. చిన్న తెరేజమ్మలా నోరెత్తకుండా ఉండాలి, ఏది పెడితే అది తినాలి, ఎవరేమన్నా నవ్వుతూ ఊరుకోవాలి అని. చదువుకున్నవాళ్ళు ఇంకో దారిలో తోసేస్తారు. అంతా కన్నీళ్ళూ కావలింతలూ, ఇందులో ఆలోచనేముంది అని. నేను ప్రభుత్వాసుపత్రిలో క్షయ వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆమె ఏ జబ్బుతో పోయిందో ఆ జబ్బును రోజూ చూసిన చేతులు నావి. నాకు తెలిసిన తెరేజమ్మ అమాయకురాలు కాదు. మొండి మనిషి, తెలివైన మనిషి. చివరి ఏడాదిన్నర చీకట్లో కూర్చుని కూడా చేయి వదలని మనిషి. ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

ఆమె పుట్టింది 1873 జనవరి 2న, ఫ్రాన్సులోని అలాన్‌సోన్ పట్టణంలో. ఇంటిపేరు మార్తాన్. తండ్రి లూయీ గడియారాల పని చేసేవాడు. తల్లి జెలీ లేసు అల్లించే వ్యాపారం సొంతంగా నడిపిన సమర్థురాలు. తొమ్మిదిమంది పిల్లల్లో ఆఖరిది తెరేజ్. బతికి బట్టకట్టింది ఐదుగురు ఆడపిల్లలే. తెరేజ్‌కు నాలుగున్నరేళ్ళప్పుడు తల్లి రొమ్ము కేన్సరుతో చనిపోయింది. కుటుంబం మేనమామ ఉండే లిజ్యూ అనే ఊరికి మారింది. ఆ పిల్ల రెండో అక్క పౌలీన్‌ను అమ్మ అనుకుంది. 1882లో ఆ అమ్మ కూడా కార్మెల్ మఠంలో చేరి గోడల వెనక్కి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు పిల్ల మంచం పట్టింది. వణుకు, కలవరింతలు, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితి. పదేళ్ళ బిడ్డ ఇద్దరు తల్లుల్ని పోగొట్టుకుంది. ఏ కష్టమూ తెలియని పెద్దింటి పిల్ల అనేవాళ్ళు ఈ పేజీలు దాటేసి చదివి ఉండాలి.

నోరెత్తని పిల్ల అన్న మాటకు వద్దాం. 1887లో తెరేజ్‌కు పద్నాలుగేళ్ళు. పదిహేనో ఏటనే మఠంలో చేరాలని పట్టుబట్టింది. మఠం బాధ్యత చూసే గురువు ఒప్పుకోలేదు. బిషప్‌గారి దగ్గరికి వెళ్ళింది. పెద్దదానిలా కనిపించాలని జుట్టు ఎత్తి కొప్పు పెట్టుకుని మరీ వెళ్ళింది. అక్కడా పని కాలేదు. ఆ నవంబరులో తండ్రితో కలిసి రోము యాత్రకు వెళ్ళినప్పుడు, 20వ తేదీన పదమూడవ లియో పోపుగారి దర్శనం దొరికింది. ఒక్కొక్కరే వచ్చి మోకరించి, దీవెన తీసుకుని లేచిపోవాలి, ఎవరూ మాట్లాడకూడదని ముందే గట్టిగా హెచ్చరించారు. తెరేజ్ మోకరించింది, పోపుగారి మోకాళ్ళమీద చేతులు పెట్టి, పదిహేనేళ్ళకే కార్మెల్‌లో చేరడానికి అనుమతి ఇవ్వమని అడిగింది. పెద్దలు చెప్పినట్టు చెయ్యమ్మా అన్నారాయన. ఆమె లేవలేదు. మీరు సరేనంటే అందరూ సరేనంటారని మళ్ళీ అడిగింది. చివరికి ఇద్దరు కావలివాళ్ళు చేతులు పట్టుకుని లేపి, దాదాపు మోసుకెళ్ళినట్టు బయటికి తీసుకుపోయారు. నోరెత్తకుండా ఉండడానికి ఆదర్శంగా మనం చూపిస్తున్నది ఈ పిల్లనే. 1888 ఏప్రిల్ 9న ఆమె అనుకున్నట్టే మఠం గడప దాటింది, పదిహేనేళ్ళ వయసులో.

అదే 1887లో ఇంకో సంగతి జరిగింది. పారిస్‌లో ప్రాన్‌జీనీ అనేవాడు ముగ్గురిని చంపాడు, వాళ్ళలో ఒకరు చిన్నపిల్ల. దేశమంతా వాణ్ణి తిట్టిపోసింది. మరణశిక్ష పడింది. వాడిలో పశ్చాత్తాపం ఏ కోశానా లేదని పత్రికలు రాశాయి. తెరేజ్ వాడికోసం ప్రార్థన మొదలుపెట్టింది, ఇంట్లో చాలామందికి చెప్పకుండా. పత్రికలు చదవకూడదని తండ్రి ఆంక్ష. అయినా ఆగస్టు 31న శిక్ష అమలైన మర్నాడు పత్రిక తెరిచింది. ఆఖరి క్షణంలో వాడు పాదిరిగారి చేతిలోని సిలువను లాక్కుని మూడుసార్లు ముద్దుపెట్టుకున్నాడని అందులో ఉంది. వాణ్ణి తన మొదటి బిడ్డ అని చెప్పుకుంది తెరేజ్. లోకమంతా రాక్షసుడన్నవాడిని పద్నాలుగేళ్ళ పిల్ల బిడ్డ అనడానికి ఎంత గుండె కావాలి!

మఠంలో ఆమె బతికింది తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళలో చెప్పుకోదగ్గ ఘనకార్యం ఒక్కటీ లేదు. ఊడవడం, గుడి సామాను సర్దడం, భోజనశాలలో పని, తరువాత కొత్తగా చేరిన పిల్లలకు మఠం పద్ధతులు నేర్పడం. ఉత్తర ఫ్రాన్సు చలికి గదుల్లో మంట ఉండదు. ప్రార్థనలో ఏళ్ళ తరబడి కునికిపాట్లు పడ్డానని ఆమే రాసుకుంది. దానికి ఆమె కుమిలిపోలేదు కూడా. పిల్లలు నిద్రపోతున్నా మేలుకున్నా తల్లిదండ్రులకు ముద్దే కదా అనుకుంది.

ఈ రోజుల్లోనే తండ్రికి మతి చెడింది. 1889 ఫిబ్రవరిలో ఆయన్ని కాన్ పట్టణంలోని మానసిక వైద్యశాలకు చేర్చారు, మూడేళ్ళకు పైగా అక్కడే ఉన్నాడు. కూతుళ్ళంతా ఒకరి తరువాత ఒకరు మఠంలో చేరి ముసలాయన్ని పిచ్చివాణ్ణి చేశారని ఊళ్ళో అన్నారు. ఆ మాట మఠం గోడ దాటి లోపలికీ వచ్చింది. ఇంట్లో మానసిక రోగి ఉన్నవాళ్ళకు ఇరుగుపొరుగు మాట ఎలా గుచ్చుకుంటుందో తెలిసినవాళ్ళు ఈ ప్రసంగం వింటూ ఉంటే, తెరేజమ్మ మీ మనిషి.

ఆమె రాసిన ఒక చిన్న సంగతి నాకు కంఠతా వచ్చు. సెయింట్ పియర్ అనే ముసలి సిస్టర్ ఉండేది. నడుము పట్టేసి, నడవలేక, ప్రతిదానికీ విసుక్కునేది. సాయంత్రం ప్రార్థనలో కూర్చున్నవేళ, ఆరు గంటలకు పది నిమిషాలుందనగా, ఆవిడను లేపి భోజనశాలకు నడిపించాలి. ముసలావిడ ఇసుక గడియారాన్ని కదిలించగానే వెళ్ళాలని గుర్తు. ఆ పనికి తెరేజ్ తనంతట తాను ముందుకొచ్చింది. ముందు పీటను ఫలానా పద్ధతిలో జరపాలి, తొందరపడకూడదు. తరువాత వెనకనుంచి నడికట్టు పట్టుకుని నడిపించాలి. గట్టిగా పట్టుకుంటే తోస్తున్నావంటుంది, మెల్లగా పట్టుకుంటే పడేస్తావంటుంది. ఇంత చిన్నదానివి నీకేం చేతనవుతుందంటుంది. భోజనశాలలో కూర్చోబెట్టి, చేతులు కదిలించలేని ఆవిడ చేతుల అంగీ మడతలు పైకి తియ్యాలి. అదీ ఒక పద్ధతిలోనే. అక్కడితో తన పని అయిపోయింది. కానీ ముసలావిడ రొట్టె కోసుకోలేక అవస్థపడడం చూసి, అడక్కుండానే కోసిపెట్టి, వెళ్ళేముందు ఒక నవ్వు నవ్వి వెళ్ళేది. ఆ నవ్వుతోనే ఆవిడ మనసు గెలుచుకుంది.

ఇది నర్సు రాసిన పేజీ అంటాను నేను. రోగిని మంచంమీదనుంచి లేపేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో, ఎంత గట్టిగా పట్టుకోవాలో, రోగి విసుగు వెనుక ఉన్న భయం ఏమిటో చూసిన కళ్ళకు తప్ప ఇది దొరకదు. తెరేజమ్మ నవ్వు గురించి ప్రసంగాలు చెప్పేవాళ్ళు ఆ నడికట్టు సంగతి కూడా చెబితే బాగుంటుంది.

తెరేజమ్మ చిన్న మార్గం అని పేరుపడ్డది దీని లోపలే ఉంది. చిన్న మార్గమంటే అణిగిమణిగి ఉండడమని చెబుతారు. ఆమె చెప్పింది అది కాదు. రోము యాత్ర దారిలో ఆమె లిఫ్టు చూసింది. 1887లో అదొక కొత్త వింత. పెద్ద పెద్ద పునీతుల్లా తపస్సు మెట్లు ఎక్కే శక్తి నాకు లేదు, అంతమాత్రాన ఎక్కాలన్న కోరిక ఎందుకు వదులుకోవాలి, నాకు లిఫ్టు కావాలి అనుకుంది. యేసు చేతులే ఆ లిఫ్టు అని తేల్చుకుంది. గమనించండి, కోరికను తగ్గించుకోలేదు. ఎక్కవలసిన ఎత్తును తగ్గించలేదు. నా వల్ల కాదు అన్న నిజాన్నీ, నాకు కావాలి అన్న పట్టుదలనూ రెంటినీ ఒకేసారి పట్టుకుంది. అప్పటి ఫ్రాన్సులో దేవుడంటే లెక్కల పద్దు తెరిచి కూర్చున్న న్యాయాధిపతి అన్న భయం మఠాల్లో బలంగా ఉండేది. ఆ భయం మధ్య కూర్చుని, దేవుడి దగ్గర నేను వట్టి చేతులతో నిలబడతాను అని చెప్పడం అణకువా? నాకైతే అది ధైర్యంగానే కనబడుతుంది.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను.

1896 ఏప్రిల్ 2, పాస్కు పండుగకు ముందు వచ్చే గురువారం. అర్ధరాత్రి దాకా గుడిలో గడిపి గదికి వచ్చి, దీపం ఆర్పి పడుకుంది. తల ఆనించిందో లేదో, వెచ్చగా ఏదో గొంతులోంచి పెదవులదాకా పొంగుకొచ్చింది. చేతిగుడ్డ అడ్డం పెట్టుకుంది. దీపం వెలిగించి చూడవచ్చు. ఆర్పేశాను కదా, పొద్దున చూద్దాంలే అని పడుకుంది. తెల్లవారి కిటికీ దగ్గరికి వెళ్ళి చూస్తే గుడ్డ నిండా నెత్తురు. చేతిగుడ్డను తలగడ కింద దాచిపెట్టే రోగుల్ని నేను ఎంతమందిని చూశానో! భయంతో దాస్తారు, ఇంట్లోవాళ్ళు వెలివేస్తారని దాస్తారు. తెరేజ్ మఠం పెద్దావిడకు చెప్పింది కానీ, ఏమీ లేదన్నట్టు తేల్చి చెప్పి, ఆ పవిత్ర శుక్రవారం ఉపవాసమూ పనీ మానలేదు. నర్సుగా ఆ ఒక్క పని నేను మెచ్చను. ఆ రోజే విశ్రాంతి ఇచ్చి ఉంటే అన్న మాట నా నోట్లోనే ఉంటుంది. అయితే అప్పటికి మందు లేదు. కోక్ క్షయ క్రిమిని కనిపెట్టింది 1882లో. దాన్ని చంపే స్ట్రెప్టోమైసిన్ రావడానికి 1940లు రావాలి. డాక్టర్లు ఆమె వీపుమీద పొక్కులు తేలే పట్టీలు వేశారు, కాల్చిన సూదులతో వాతలు పెట్టారు. వైద్యం పేరుతో ఆ వాతలన్నీ భరించింది.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఆ పాస్కు పండుగ రోజుల్లోనే తగిలింది. విశ్వాసం చీకటైపోయింది. చిన్నప్పటినుంచి పరలోకం అంటే ఆమెకు పక్క ఊరంత దగ్గర. అమ్మ ఉన్న చోటు, తోబుట్టువులున్న చోటు. అది ఒక్కసారిగా మాయమైంది. పరలోకమంటూ కలలు కంటున్నావు, చావు తరువాత వచ్చేది వెలుగు కాదు, ఇంకా చిక్కటి రాత్రి, ఏమీ లేని శూన్యం అని చీకటే తనను వెక్కిరిస్తున్నట్టుందని రాసింది. రాస్తూ రాస్తూ ఇంక రాయను, దైవదూషణ అవుతుందేమోనని భయంగా ఉంది అని ఆపేసింది. పరలోకం గురించి తాను రాసే పాటల్లో ఆనందం కనిపిస్తే, అది తాను అనుభవిస్తున్నది కాదనీ, నమ్మాలనుకుంటున్నదాన్నే పాడుతున్నాననీ స్పష్టంగా చెప్పింది. విశ్వాస సంగ్రహాన్ని తన నెత్తురుతో ఒక కాగితంమీద రాసుకుని, సువార్త పుస్తకంతో పాటు గుండె దగ్గర పెట్టుకుని తిరిగింది. నాకు తెలిసిన ప్రార్థనలన్నిటిలోకీ ధైర్యమైన ప్రార్థన అది. నమ్మకం అనుభవానికి రావడం లేదు, కాబట్టి నెత్తురుతో సంతకం పెట్టింది.

ఇంకో మాట కూడా రాసింది. అంతకుముందు దేవుణ్ణి నమ్మనివాళ్ళు నిజంగా ఉంటారంటే ఆమెకు నమ్మకం కలిగేది కాదు. మనసులో లేని మాట పైకి అంటున్నారనుకునేది. ఈ చీకట్లో పడ్డాక వాళ్ళు నిజంగా ఉంటారని తెలిసింది. తెలిశాక వాళ్ళనుంచి దూరం జరగలేదు. వాళ్ళతో ఒకే బల్ల దగ్గర కూర్చుని, అదే చేదు రొట్టె తింటాననీ, దేవుడు లేపేదాకా లేవననీ చెప్పింది. వాళ్ళను తన సోదరులంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో, మతానికీ మతం లేనివాళ్ళకూ ఫ్రాన్సులో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రోజుల్లో, తలుపులు మూసిన మఠంలో ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి ఈ మాట అంది.

ఆ రోజుల్లో మఠానికి ఒక మోసం కూడా తగిలింది. లియో తాక్సిల్ అనే రచయిత, దయ్యాల కూటం నుంచి బయటపడి క్రైస్తవురాలైన డయానా వాగన్ అనే స్త్రీని పుట్టించి, ఆమె పేరుతో పుస్తకాలు రాశాడు. దేశమంతా నమ్మింది. మఠంలో వాళ్ళూ నమ్మారు. తెరేజ్ జోన్ ఆఫ్ ఆర్క్ వేషం వేసిన ఫొటోను డయానాకు పంపారు. 1897 ఏప్రిల్ 19న పారిస్‌లో సభ పెట్టి, డయానా అనే మనిషే లేదని తాక్సిల్ నవ్వుతూ ప్రకటించాడు. ఆ సభలో తెరమీద వేసిన బొమ్మ తెరేజ్ ఫొటోయే. సంగతి తెలిశాక, డయానా పేరుతో తనకు వచ్చిన ఉత్తరాన్ని ఆమె చింపి తోటలోని పెంటకుప్పమీద పారేసింది. అప్పటికే నమ్మకం వేలాడుతున్న మనిషికి ఇది ఎంత దెబ్బో ఊహించండి. ఆమె ఏమీ అనలేదు, ఎవరినీ నిందించలేదు.

ఆ జూన్‌లో మఠం పెద్దావిడ ఆజ్ఞమీద ఆమె తన జ్ఞాపకాలు రాసే నోటుబుక్కుల్లో మూడోది మొదలుపెట్టింది. తండ్రి వాడిన చక్రాల కుర్చీలోనే కూర్చుని, తోటలో చెట్టు కింద రాసేది. పది వరుసలు రాసేలోపు ఎవరో ఒకరు వచ్చి పలకరించేవాళ్ళు, పూలు తెచ్చి ఒళ్ళో పోసేవాళ్ళు. కలం ముంచి రాసే ఓపిక లేక చివరి పేజీలు పెన్సిలుతో రాసింది. జూలై 8న ఆమెను రోగుల గదికి దించారు. ఊపిరితిత్తుల తరువాత పేగులకు పాకింది జబ్బు. మార్ఫిన్ సూదులు వెయ్యలేదు. నొప్పి భరించలేని రోగి దగ్గర విషపు మందులేవీ అందుబాటులో పెట్టవద్దని, నమ్మకమే లేకపోతే తాను ఒక్క క్షణం ఆలోచించేదాన్ని కాదని అక్కతో చెప్పింది. పునీతురాలు అనగానే మనం ఊహించే మాట కాదిది. కానీ ఈ మాటకే నేను ఆమె ముందు తలవంచుతాను. తన గురించి సిగ్గుపడకుండా చెప్పింది, తన తరువాత ఆ మంచంమీద పడుకోబోయేవాళ్ళ గురించి ఆలోచించి చెప్పింది. వార్డులో కొత్తగా చేరిన నర్సమ్మాయిలకు నేను ఇదే చెప్పేదాన్ని: నొప్పిలో ఉన్నవాళ్ళు చావు మాట ఎత్తితే మందలించకండి, పక్కన కూర్చోండి, డాక్టరుకు చెప్పండి, మందులు చేతికందనివ్వకండి. ఇప్పుడు నొప్పి తగ్గించడానికి మంచి మందులున్నాయి, అడగాలి. నొప్పి ఆమెను పునీతురాల్ని చేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ నొప్పి ఆమెకు రాకపోయినా ఆమె ఆమే.

ఆమె కింద మంచంమీద ఉండగానే ఒక సిస్టర్ ఇంకో సిస్టర్‌తో అందట, ఈ పిల్ల పోతే మదర్ ఈమె గురించి ఏం రాస్తారో, ఈమె చేసిందేమీ లేదు కదా అని. 1897 సెప్టెంబరు 30న, ఇరవై నాలుగేళ్ళకు ఆమె కన్నుమూసింది. సరిగ్గా ఏడాదికి ఆ నోటుబుక్కులు "ఒక ఆత్మ కథ" పేరుతో రెండువేల ప్రతులు అచ్చయ్యాయి. ఆ తరువాత ఎన్ని భాషల్లోకి వెళ్ళాయో, మొదటి ప్రపంచ యుద్ధంలో ఎంతమంది ఫ్రెంచి సైనికులు ఆమె బొమ్మను జేబులో పెట్టుకుని కందకాల్లోకి దిగారో! 1925లో పునీతురాలయింది. 1927లో పదకొండవ పయస్ పోపుగారు, మన గోవాకు వచ్చిన ఫ్రాన్సిస్ జేవియర్‌తో సమానంగా, ఆమెను వేదబోధకుల పాలకురాలిగా ప్రకటించారు. మఠంలో చేరాక గడప దాటి కాలు బయట పెట్టని మనిషిని!

మరి ఈ మొండి మనిషి గులాబీల పిల్లగా ఎలా మారింది? మార్చింది పరాయివాళ్ళు కాదు, సొంత అక్కలు. నోటుబుక్కులను అచ్చుకు సిద్ధం చేసింది పౌలీన్. వేల చోట్ల మాటలు మార్చింది, వాక్యాలు నునుపు చేసింది, ఇంటి గుట్టు అనిపించినవి తీసేసింది. ఫొటోల సంగతి ఇంకో అక్క సెలీన్‌ది. 1894లో తండ్రి పోయాక మఠంలో చేరుతూ సెలీన్ తన కెమెరా కూడా తెచ్చింది. ఆ కాలపు మఠంలో అదొక అపురూపం. అందుకే తెరేజ్‌వి నలభైకి పైగా ఫొటోలు మనకు దక్కాయి. కానీ ఆ కెమెరా ముందు సెకన్లకు సెకన్లు కదలకుండా కూర్చోవాలి. ముఖం బిగుసుకుంటుంది. ఇది మా చెల్లి కాదు, మా చెల్లి ముఖంలో వెలుగు ఇందులో లేదు అని సెలీన్ ఫొటోలను దిద్దింది, రంగుల్లో మళ్ళీ గీసింది. కళ్ళు పెద్దవయ్యాయి, దవడ మెత్తబడింది, గులాబీలు చేరాయి. మన గుడుల్లోని స్వరూపాలన్నీ ఆ బొమ్మల సంతానమే.

అక్కల్ని నిందించడానికి నాకు నోరు రాదు. ప్రేమ కొద్దీ చేశారు. పౌలీన్ పూనుకోకపోతే ఆ నోటుబుక్కులే ఉండేవి కావు, సెలీన్ లేకపోతే ఆ ముఖమే మనకు తెలిసేది కాదు. అయినా ప్రేమ కూడా మనిషిని కప్పేస్తుంది. పౌలీన్ 1951లో పోయింది. తెరేజ్ రాసింది రాసినట్టుగా వెలువడింది 1956లో. సెలీన్ 1959లో పోయింది. దిద్దని ఫొటోలు పుస్తకంగా వచ్చింది 1961లో. అంటే మా అమ్మ చిన్నతనంలో మొక్కుకున్న తెరేజమ్మ వేరు, ఇప్పుడు మనం చూడగల తెరేజమ్మ వేరు.

1897 జూన్ 7న తీసిన ఫొటో ఒకటి దొరికితే చూడండి. చావుకు నాలుగు నెలల ముందుది. చేతిలో బాలయేసు బొమ్మ, యేసు గాయపడ్డ ముఖం బొమ్మ పట్టుకుని ఉంటుంది. ఎంతో అలసటగా ఉన్నా అక్క కోసం ఆ రోజు మూడు భంగిమల్లో కూర్చుంది. దిద్దిన ఫొటోలో లేనిది ఇందులో కనిపిస్తుంది. కళ్ళ కింద వాపు, బిగించిన పెదవులు, వెడల్పు దవడ, నేరుగా మనవైపే చూసే చూపు. జ్వరం ఉన్న మనిషి చూపది. వార్డులో అలాంటి కళ్ళు వందలు చూశాను. అందంగా ఉంది అని ఎవరూ అనరు. గట్టి మనిషి అంటారు. నా బీరువా తలుపు లోపలివైపు ఉన్నది ఆ ఫొటోయే.

ఆమె తెలివి గురించి ఒక్కమాట చెప్పి ముగిస్తాను. బైబిలు అనువాదాల మధ్య తేడాలు చూసి, తాను గురువునై ఉంటే హెబ్రూ, గ్రీకు నేర్చుకుని, మూలంలోనే చదివేదాన్ని అంది. గురువు కావాలన్న కోరిక తనలో ఉందని దాచకుండా రాసింది. స్త్రీకి ఆ దారి లేని కాలమని తెలిసీ రాసింది. బడి చదువు పదమూడేళ్ళకే ఆగిపోయిన ఆ అమ్మాయిని 1997 అక్టోబరు 19న రెండవ జాన్ పాల్ పోపుగారు శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. అంతకుముందు ఆ గౌరవం పొందిన స్త్రీలు ఇద్దరే, ఆవిలా తెరేసా, సియెన్నా కేథరిన్. వాళ్ళ సరసన ఈ ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి. కలకత్తా మదర్ తెరెసా తన పేరు తీసుకున్నది కూడా ఈ చిన్న తెరేజమ్మనుంచే. ఆ తల్లి కూడా దశాబ్దాలపాటు దేవుని సన్నిధి అనుభవానికి రాని చీకట్లోనే రోగుల పుళ్ళు కడిగిందని, 2007లో అచ్చయిన ఆమె ఉత్తరాలు చదివితే తెలుస్తుంది. పేరుతోపాటు ఆ చీకటి కూడా వారసత్వంగా వచ్చిందనిపిస్తుంది నాకు.

అక్టోబరు ఒకటి తెరేజమ్మ పండుగ. మా గుడిలో ఆ రోజు గులాబీలు పంచుతారు, పంచనివ్వండి. అయితే ఈసారి దివ్యబలి పూజలో ప్రసంగానికి ముందు, మూడో నోటుబుక్కులో చీకటి గురించి ఆమె రాసిన పేజీలను తెలుగులో చదివి వినిపించమని మా విచారణ గురువుగారిని అడిగాను. అంత బరువైన మాటలు పండుగపూట ఎందుకమ్మా అన్నారు మొదట. గుడిలో వెనక బెంచీల్లో కూర్చునేవాళ్ళలో ఆ మాటలకోసం ఎదురుచూసేవాళ్ళున్నారు ఫాదర్, నేను వాళ్ళను వార్డులో చూశాను అన్నాను. కాసేపు ఆలోచించి, పేజీలు తెచ్చివ్వమన్నారు. తెలుగు చేసి ఇచ్చాను.